జాయిస్ ‘మూకౌ’ – మన ‘అంబా’

ఐర్లండు రచయిత జేమ్స్ జాయిస్ రాసిన ‘ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మ్యాన్’ అనే నవల మొదటి వాక్యంలోనే ఒక ఆవు దారి వెంట నడిచి వస్తుంది. ఇంగ్లీషులో ఆవును ‘కౌ’ అంటారని మన చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాని జాయిస్ అక్కడ ‘కౌ’ అని రాయలేదు, ‘మూకౌ’ అని రాశాడు. ‘మూ’ అనేది అరుపు, ‘కౌ’ అనేది పేరు. రెండూ అతికించి చంటిపిల్లలతో పెద్దవాళ్ళు మాట్లాడే మాట అది. పండితులు గొప్పదని లెక్కించే ఒక పుస్తకం ఇటువంటి ఉయ్యాల మాటతో ప్రారంభం కావడం నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్నది. మారిషస్‌లోను, దక్షిణాఫ్రికాలోను, ఫీజీలోను ఉన్న మన పాఠకుల ముందు ఈ ఒక్క మాటను పెట్టి కొంత విచారించాలని నా కోరిక.

ముందు పుస్తకం సంగతి. ఈ నవల 1914, 1915 సంవత్సరాల్లో ‘ది ఈగోయిస్ట్’ అనే పత్రికలో ధారావాహికగా వచ్చి, 1916లో న్యూయార్క్‌లో పుస్తకంగా వెలువడింది. స్టీవెన్ అనే కుర్రవాడు పసితనం నుండి కాలేజీ వరకు పెరిగి, ఇల్లు, మతం, దేశం అన్నిటినీ ప్రశ్నించి సముద్రం దాటిపోవడానికి సిద్ధపడే కథ. చాలామటుకు జాయిస్ సొంత కథే. ఆయన 1882లో డబ్లిన్ శివార్లలోని రత్‌గార్‌లో, బ్రైటన్ స్క్వేర్ అనే చోట పుట్టాడు. 1931లో ముసలివాడైన తండ్రి కొడుక్కి ఒక ఉత్తరం రాస్తూ, ఆ బ్రైటన్ స్క్వేర్ రోజులు జ్ఞాపకం ఉన్నాయా అని అడిగాడు. కొండమీద నుండి దిగివచ్చి చిన్నపిల్లలను అవతలికి దాటించి తీసుకుపోయే మూకౌ కథ తాను చెప్పేవాడినని గుర్తుచేశాడు. అదే సంవత్సరం డిసెంబరులో ఆ తండ్రి మరణించాడు. అంటే నవలలోని మొదటి మాట రచయిత కల్పన కాదు. తండ్రి నోటినుండి విన్న మాట ముప్ఫై ఏళ్ళ తరువాత కాగితం మీదికి వచ్చింది.

విమర్శకులు ఈ ఆవును ఊరికే వదిలిపెట్టలేదు. ఐర్లండు దేశాన్ని ఆవుగా పిలవడం ఆ దేశపు పాత కవుల సంప్రదాయం. ‘ఆవులలో పట్టువంటిది’ అని దేశానికి ఒక పాత పేరు ఉన్నది. జాయిస్ తరువాతి నవల ‘యులిసీస్’ (1922) మొదటి అధ్యాయంలో పాలు పోసే ముసలమ్మను చూసి కథానాయకుడు ఆ పేరునే తలుచుకుంటాడు. వాళ్ళ పురాతన ఇతిహాసం ‘తాయిన్ బో కూలీ’ యావత్తూ ఒక ఎద్దు కోసం జరిగిన పశువుల దోపిడీ యుద్ధమే. మన భారతంలో విరాటపర్వపు గోగ్రహణం తెలిసినవారికి ఇది వింతగా తోచదు. దారికి ఐరిష్ భాషలో ఉన్న ‘బోహర్’ అనే మాట కూడా ‘బో’, అంటే ఆవు, అనే మాట నుండి వచ్చినదే. కనుక దారి వెంట వచ్చే మూకౌ అంటే మాతృదేశమే అని విమర్శకులు తేల్చారు.

ఈ వ్యాఖ్యానం తప్పని అనను. కాని అందులో ఒక తొందరపాటు ఉన్నది. ఒళ్ళో కూర్చున్న పసివాడికి మాతృదేశం తెలియదు. వాడికి తెలిసింది తండ్రి గొంతు, ఆ గొంతులో ‘మూ’ అనే శబ్దం. ఆ మాటలో దేశం తరువాత చేరింది, తండ్రి ముందే ఉన్నాడు. పసిమాటకు ఉన్న బలం అదే. దానికి నిఘంటువు అర్థం తక్కువ, కాబట్టి తరువాత వచ్చే అర్థాలన్నీ వచ్చి కూర్చోవడానికి చోటు ఎక్కువ.

నవల సాగినకొద్దీ జాయిస్ ఈ చోటును ఎలా నింపుతాడో చూడండి. రెండవ అధ్యాయంలో స్టీవెన్ కొంచెం పెద్దవాడై, పాలబండి వెంట తిరుగుతూ పచ్చికబయళ్ళలో ఆవులను చూసి మురిసిపోతాడు. శరదృతువు రాగానే ఆవులను దొడ్డికి తోలుతారు. స్ట్రాడ్‌బ్రూక్ అనే చోట ఆ పశువుల దొడ్డి, అందులోని పేడ, మురుగు చూసి వాడికి కడుపులో తిప్పుతుంది. పాలు కూడా చూడలేకపోతాడు. నాలుగవ అధ్యాయంలో తోటి విద్యార్థులు వాడి పేరును గ్రీకులోకి మార్చి, పూలదండ వేసిన ఎద్దు అనే అర్థం వచ్చేటట్టు ఆటపట్టిస్తారు. దండ వేసిన ఎద్దు అంటే బలికి సిద్ధమైన ఎద్దని గ్రీకు పురాణాలు చదివినవారికి తెలుసు. ఐదవ అధ్యాయంలో అదే కుర్రవాడు కళాతత్త్వం చర్చిస్తూ ఒక ప్రశ్న వేస్తాడు: కోపంతో కొయ్యదుంగను నరికే మనిషి చేతిలో అనుకోకుండా ఆవు బొమ్మ తయారైతే దానిని కళ అనవచ్చునా? మూకౌ, ఆవు, పేడ, బలిపశువు, కొయ్యబొమ్మ. పిల్లవాడితోపాటు మాట కూడా పెరిగింది. ఈ వరుసను గమనించకుండా మొదటి పేజీలోనే ‘ఆవు అంటే ఐర్లండు’ అని చీటీ అతికించడం, పెళ్ళిచూపుల్లోనే సీమంతం చేసినట్టు ఉంటుంది.

ఇప్పుడు మన తెలుగుకు వద్దాం. మన భాషలో ఈ ఒక్క జంతువుకు కనీసం నాలుగు మాటలు ఉన్నాయి, నాలుగూ నాలుగు చోట్ల నివసిస్తాయి. పూజలో, పురాణంలో ‘గోవు’. వాచకంలో, సంతలో ‘ఆవు’. ఒళ్ళో, ఉయ్యాలలో ‘అంబా’. పొలంలో, తిట్టులో ‘గొడ్డు’. ఆవు అన్న మాటకు మెత్తని అర్థం ఉన్నది, ‘ఆవులాంటి మనిషి’ అంటే సాధువని భావం. గొడ్డుకు వచ్చిన అర్థాలు మాత్రం కఠినం. పిల్లలు లేని స్త్రీని గొడ్రాలు అన్నారు. బుద్ధిలేని మనిషిని గొడ్డు అన్నారు. తిండికీ విశ్రాంతికీ నోచుకోని పనిని గొడ్డు చాకిరీ అన్నారు. ఆ చాకిరీ ఎటువంటిదో మన పత్రిక పాఠకులకు నేను వివరించనక్కరలేదు. చెరకుతోటలో సర్దార్ కేకకు లేచి, చెరకుతోటలోనే పొద్దుగుంకేవరకు వంగిన వెన్నులు మన ముత్తాతలవి.

‘అంబా’ మాట వేరు. ఆవు అరిచే అరుపు అది. చంటిపిల్లకు ఆవు పేరు కూడా అదే. సంస్కృతంలో అంబ అంటే తల్లి. అరుపుకు పేరుపెట్టినవాడు సంస్కృతం ఎరిగి పెట్టలేదు, దూడ తల్లిని పిలిచిన పిలుపు మన చెవికి అలా వినిపించింది. అయినా అర్థం అతికింది. ‘అంబారావాలు’ అని గ్రంథాల్లో రాసే మాట కూడా ఈ పసిమాట మీదనే నిలిచి ఉన్నది. ఇంగ్లీషులో ‘మూ’ అనే శబ్దంలో తల్లి లేదు. జాయిస్ ఆవులో తల్లిని, తల్లిలో దేశాన్ని చూపడానికి ఒక నవల యావత్తూ రాయవలసి వచ్చింది. మనకు ఆ పని రెండు అక్షరాల్లో జరిగిపోయింది. ఇందులో మన గొప్ప ఏమీ లేదు, భాషకు దొరికిన అదృష్టం అది.

నేను తెలుగు నేర్చుకున్నది మారిషస్‌లో మన సంఘంవారు సాయంకాలం నడిపిన తరగతిలో. అక్కడ మొదటి రోజున నల్లబల్ల మీద రాసిన జంతువు పేరు ‘గోవు’. తరువాత శునకము, మార్జాలము, మర్కటము వచ్చాయి. మా ఇంట్లో అప్పటికి ఎవరూ మర్కటం అని పిలవలేదు. మా వీధిలో అది ‘జాకో’, క్రియోల్ మాట. ఈ జాకో కూడా ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ముద్దుగా పిలిచిన ‘జాకో’ అనే మనిషి పేరే. అది మా దీవిలో కోతికి అసలు పేరై స్థిరపడింది. మా నాయనమ్మకు తెలుగులో మిగిలినవి పట్టుమని వంద మాటలు ఉంటాయేమో. వాటిలో గోవు లేదు. అంబా ఉన్నది, గొడ్డు ఉన్నది. కోపం వస్తే గొడ్డూ అనేది, ప్రేమ వస్తే కోతీ అనేది. మేము తరగతిలో నేర్చుకున్న తెలుగుతో ఈ రెండింటినీ తిట్లుగానే లెక్కించాము. ముద్దుకూ తిట్టుకూ ఒకే జంతువు పనికివస్తుందని మాకు వాచకం చెప్పలేదు. వాచకంలో ఒక బొమ్మకు ఒక మాట, ఒక మాటకు ఒక అర్థం. అటువంటి వాచకం చదివినవాడు ముద్దును తిట్టుగాను, తిట్టును ముద్దుగాను వింటాడు. ముసలివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఇది చిన్న నష్టం కాదు.

ఐర్లండులో బడిపంతులుగా ఉంటూ నేను చూసినది ఇక్కడ ఉపయోగపడుతుంది. ఐర్లండులో ఎక్కువమంది ఐరిష్ భాష మాట్లాడటం మానివేసి తరాలు గడిచాయి. పడమటి తీరంలోని కొన్ని ఊళ్ళలో తప్ప అది ఇంటిభాష కాదు, బడిభాష. ఈ విషయంలో వారూ మనమూ ఒకే పడవలో ఉన్నాము. కాని భాష పోయినా పసిమాటలు, ముద్దుమాటలు ఇంగ్లీషులోకి దూరి బతికాయి. పంది పిల్లను పల్లెటూళ్ళలో ఇప్పటికీ ‘బానవ్’ వంటి ఐరిష్ మాటతోనే పిలిచేవారున్నారు. మూతి ముడుచుకున్న పిల్లను చూసి ‘దాని ముఖాన పుస్ చూడు’ అంటారు. ఇంగ్లీషులో పుస్ అంటే పిల్లికి ముద్దుపేరు, ఐరిష్‌లో పుస్ అంటే మూతి. రెండు భాషల రెండు మాటలు ఒక పిల్ల ముఖం మీద కలుసుకున్నాయి. పిల్లికూనకు ఐరిష్‌లో ‘పుషీన్’ అని పేరు. 2010 నుండి ప్రపంచమంతా పిల్లల బొమ్మల మీద, కప్పుల మీద కనిపించే లావుపాటి పిల్లి పేరు కూడా ఇదే. ఆ బొమ్మ గీసినవారు మాట తీసుకున్నది ఐరిష్ నుండే.

ఆ ‘ఈన్’ అనే తోక సంగతి మరీ రుచికరం. ఐరిష్‌లో దేనికైనా ఈ తోక తగిలిస్తే అది చిన్నదవుతుంది, ముద్దవుతుంది. ఇంగ్లీషు మాటలకు కూడా దీన్ని తగిలించారు. కాని పెద్దమనిషికి తగిలిస్తే అవమానం. పల్లెలో కొద్దిపాటి భూమి పెట్టుకొని దొరలా నటించేవాడు ‘స్క్వైరీన్’. పల్లెవాళ్ళ దృష్టిలో గొప్పలు పోయే డబ్లిన్‌వాడు ‘జాకీన్’. మన ‘గాడు’ ప్రత్యయం చేసే పని అచ్చంగా ఇదే. బుజ్జిగాడు, చిట్టిగాడు అంటే ముద్దు. అదే ‘గాడు’ ఊరి పెద్దమనిషి పేరుకు తగిలిస్తే పంచాయితీకి వెళ్ళవలసి వస్తుంది. చిలకకు, కాకికి మనం తగిలించే ‘అమ్మ’ కూడా ఇటువంటిదే. చిలకమ్మ ముద్దుగానే ఉండిపోయింది. కాకమ్మ మాత్రం ‘కాకమ్మ కబుర్లు’ అయి, నమ్మరాని మాటలకు గుర్తుగా కోర్టుల్లోను, రాజకీయ ఉపన్యాసాల్లోను తిరుగుతున్నది. కుక్కను ఎగదోసే ‘ఉస్’ అనే కూత నుండి పుట్టిన ‘ఉసిగొల్పడం’ ఇప్పుడు మనుషుల మీదికి మనుషులను తోలడానికి వార్తాపత్రికల మాట.

గుర్రం సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. ఇక్కడ పిల్లలకు గుర్రం ‘జీ-జీ’. పెద్దమనిషి శనివారం మధ్యాహ్నం ‘జీ-జీలకు’ డబ్బు పోయిందంటే పందాల దుకాణానికి వెళ్ళివచ్చాడని అర్థం. మనం తెలుగులో కూడా వాడే ‘హాబీ’ మొదట పొట్టి గుర్రం పేరు. మధ్యయుగాల్లో ఐర్లండు హాబీలు పేరుపొందిన గుర్రాలు. అది పిల్లలు ఎక్కి ఆడే కొయ్యగుర్రానికి పేరై, ఆ తరువాత పెద్దలు పొద్దుపుచ్చుకునే అలవాటుకు పేరై మన వివాహ ప్రకటనల దాకా వచ్చింది.

ఐరిష్ మాట్లాడే పడమటి ఊరిలో ఒక ముసలమ్మ మనవడిని పిలవగా విన్న మాట నాకు అన్నిటికంటే నచ్చింది. ఆ తీరంలో అది ‘అ లీ’ అని వినిపిస్తుంది. ‘ఓ దూడా’ అని అర్థం. నాన్నా, కన్నా అని మనం పిలిచినట్టు వారు బిడ్డను దూడా అని పిలుస్తారు. దక్షిణ ప్రాంతంలో అదే మాటను ‘లే’ అని పలుకుతారు. మన ‘లేగ’కు దగ్గరగా ఉన్నది కదా అని చంకలు గుద్దుకోవద్దని పాఠకులకు మనవి. ఇది కాకతాళీయం. పోలిక కనబడిన ప్రతి చోటా చుట్టరికం కట్టే అలవాటు మన వ్యాసాల్లో ఇప్పటికే ఎక్కువగా ఉన్నది.

దూడ అనగానే మరొక డబ్లిన్ మనిషిని తలచుకోవాలి. జార్జ్ గ్రియర్సన్ 1851లో డబ్లిన్ దగ్గర గ్లెనగెరీలో పుట్టి, ట్రినిటీ కాలేజీలో చదివి, భారతదేశంలో అధికారి అయ్యాడు. 1883లో బెంగాల్ నుండి దీవులకు కూలీల వలస ఎలా జరుగుతున్నదో విచారించి నివేదిక రాసినవాడు ఈయనే. మన తెలుగువారు వెళ్ళిన రేవులు వేరైనా, ఆ నివేదిక మన చరిత్రకు పరాయిది కాదు. తరువాత ఆయన ఆధ్వర్యంలో వచ్చిన ‘లింగ్విస్టిక్ సర్వే ఆఫ్ ఇండియా’లో 1906 నాటి నాలుగవ సంపుటం తెలుగు మొదలైన ద్రావిడ భాషలకూ, ముండా భాషలకూ సంబంధించినది. భాషలను పోల్చడానికి అన్నిటిలోకీ ఒకే కథను తిరగరాయించారు: బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథ. అందులో పందులు ఉన్నాయి, మేకపిల్ల ఉన్నది, బలిసిన దూడ ఉన్నది. దూడను వధించే చోట భారతీయులకు నొప్పి కలుగుతుందని తెలిసి కొద్దిపాటి మార్పులకు అవకాశం ఇచ్చారు. అద్భుతమైన కృషి, సందేహం లేదు. కాని ఆ కథలో తల్లి లేదు, పసిబిడ్డ లేదు. కాబట్టి ఆ కథ నమూనాలలో ఒళ్ళోమాటకు చోటు దొరకలేదు. పండితులు భాషను లెక్కపెట్టేటప్పుడు ఎప్పుడూ తప్పించుకొనిపోయేది ఈ మాటే. మన వాచకాలూ అదే దారిన నడిచాయి.

తిరిగి జాయిస్ ఆవు దగ్గరకు వస్తాను. తండ్రి చెప్పిన కథలో ఆ ఆవు పిల్లలను దాటించి తీసుకుపోతుంది. ఈ దాటించడం గురించి డబ్లిన్ విమర్శకులు మాయద్వీపం, వీరుల కథలు అని రాశారు. మన పాఠకుడికి మొదట తోచేది వైతరణి. చనిపోయినవాడు ఆవు తోక పట్టుకొని ఆ నదిని దాటుతాడని, అందుకోసమే గోదానమని మన పెద్దలు నమ్మారు. మన పిల్లలందరికీ తెలిసిన ఆవు-పులి కథ ఒకటి ఉన్నది, అనంతామాత్యుడు ‘భోజరాజీయం’లో రాసినది. అందులోని ఆవు దూడకు పాలిచ్చి మాట ప్రకారం పులి దగ్గరకు తిరిగివస్తుంది. మన ఆవు తిరిగివచ్చే ఆవు. జాయిస్ తండ్రి ఆవు తీసుకుపోయే ఆవు. నవల చివర స్టీవెన్ కూడా వెళ్ళిపోవడానికే సిద్ధపడతాడు. ఓడ ఎక్కి నల్లనీళ్ళు దాటి, అయిదేళ్ళ ఒప్పందం ముగిసినా తిరిగిరాని మనుషుల సంతానానికి ఈ రెండు ఆవులలో ఏది దగ్గరిదో నేను తేల్చి చెప్పలేను. కాని మొదటి పేజీలో ఆ పసిమాటను చదివినప్పుడు నాకు దేశం గుర్తురాలేదు, ఓడ గుర్తువచ్చింది. ఈ పఠనానికి కూడా విమర్శలో చోటు ఉండాలని నా అభిప్రాయం.

అదే నవల ఐదవ అధ్యాయంలో స్టీవెన్ ఒక ఇంగ్లీషు పాదిరీతో గరాటుకు వాడే మాట గురించి మాట్లాడతాడు. ఈ భాష మొదట ఆయనది, తరువాతే నాది అని లోలోపల నొచ్చుకుంటాడు. సాయంకాలం తరగతిలో తెలుగు నేర్చిన నాకు ఈ ఘట్టం పరిచయమైనదే. ఆంధ్రదేశం నుండి వచ్చిన పండితుడి ముందు నోరు విప్పినప్పుడు, భాష ఆయనదీ నేను అతిథినీ అన్నట్టు ఉండేది. అయితే జాయిస్ పరాయిదని నొచ్చుకున్న ఇంగ్లీషులోనే మూకౌ ఉన్నది. ఒళ్ళోమాట ఏ భాషలో దొరికితే ఆ భాష కొంతవరకు మనదైపోతుంది. మా దీవి పిల్లలకు నిద్ర ‘దోదో’. అంతరించిపోయిన మా పక్షి పేరు కూడా అలాగే వినిపిస్తుంది. 1865లో మహేబూర్‌లో జార్జ్ క్లార్క్ అనే బడిపంతులు కూలీలను చిత్తడినేలలోకి దింపి, బురదలో ఉత్త కాళ్ళతో తడిమించి ఆ పక్షి ఎముకలు తీయించాడు. ఆ పాదాలు ఎవరివో ఎవరూ పేరుపెట్టి రాయలేదు. దోదో అని మేము బిడ్డను జోకొట్టినప్పుడు క్రియోల్ మాది కాదని ఎవరైనా అనగలరా?

పసిమాటలు శుద్ధభాష కాదని, వాచకంలో పెడితే పిల్లలు ముద్దుమాటల దగ్గరే ఆగిపోతారని మన సంఘాల్లో కొందరు పెద్దలు అభ్యంతరం చెబుతారు. జాయిస్ అక్కడ ఆగలేదు. మూకౌతో మొదలుపెట్టి అదే పుస్తకంలో గ్రీకు, లాటిన్ దాకా వెళ్ళాడు. గోవుతో మొదలుపెట్టిన మా తరగతిలో సగంమంది గోవు దగ్గరే మానివేశారు. మొదటి పాఠంలో అంబా, రెండవదానిలో ఆవు, పండుగ నాడు గోవు, పిల్లలు కొంచెం ఎదిగాక ముత్తాతల కథతోపాటు గొడ్డు. ఈ వరుసలో నేర్పితే ఏ మాట ఎక్కడ ముద్దో, ఎక్కడ తిట్టో కూడా పాఠంలోనే తెలుస్తుంది.

ఇక ఈ నవలను తెలుగు చేయబోయేవారికి ఒక మాట. మూకౌకు ‘ఆవు’ అని రాస్తే మొదటి వాక్యంలోనే తండ్రి గొంతు పోతుంది. ‘గోమాత’ అంటే పిల్లవాడు పురోహితుడవుతాడు. ‘బుజ్జావు’ ముద్దుగా ఉన్నది కాని అందులో అరుపు లేదు. అరుపునూ పేరునూ జాయిస్ లాగే అతికించి ‘అంబావు’ అనవచ్చు, నోటికి బాగానే ఉన్నది. నేనైతే ఉత్త ‘అంబా’ అని ఉంచుతాను. డబ్లిన్‌లో మన పిల్లలు ఆరేడుగురికి ఆ పేజీని రెండు విధాలుగానూ తెలుగులో చదివి వినిపించాను. అంబావు దగ్గర ముగ్గురు నవ్వారు, ఒకడు అది ఏ జంతువని అడిగాడు. అంబా దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. తరువాత ఏమయిందో చెప్పమన్నారు.